బొట్టు పెట్టి పిలిచిన కోట

“ఆ ఆట ఇంకా ఉందాండీ?” అని మొన్న నందిగామ బస్టాండులో ఒకతను అడిగాడు. ఒకప్పుడు మాతోపాటు ఆడినవాడే. ఉందన్నాను. జనం ఉన్నారా అన్నాడు. లేరన్నాను. “జనం లేకపోతే ఇంక ఉన్నట్టెట్టాగండీ,” అని నవ్వి, విజయవాడ బస్సొస్తే ఎక్కి వెళ్లిపోయాడు.

నాకు ఒళ్లు మండింది. మండి లాభం లేదు, అతనన్నదాంట్లో తప్పేమీ లేదు. కానీ ఆ ముక్క పిన్నిగారి ముందు అనివుంటే అతనికి ఆ బస్సు దొరికేది కాదు. ఎవరు ఏ పనిమీద ఉండి రావడం లేదో, ఏ నెలలో తిరిగొస్తారో అన్నీ కూర్చోబెట్టి చెప్పి, కాఫీ ఇచ్చి, ఆదివారం తప్పకుండా వస్తానని మాట తీసుకుని గానీ వదిలేది కాదు. ఆవిడ పోయి నెల దాటింది.

పిన్నిగారు నాకు పిన్ని కాదు. చుట్టరికమేమీ లేదు. ఆటలో అందరూ పిన్నిగారనేవాళ్లు, నేనూ అన్నాను. అసలు పేరు అడగాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. ఆవిడది జగ్గయ్యపేట. నేను నందిగామలో ఒక జూనియర్ కాలేజీలో లెక్కలు చెబుతాను. నలభై దాటిన లెక్కల మేష్టారూ అరవై దాటిన ఆడమనిషీ కలిసి ఫోన్లో కోటలు పట్టుకుంటున్నారంటే నవ్వేవాళ్లు నవ్వచ్చు. మా ఆవిడ చాలా ఏళ్లు నవ్వింది.

ఆట సంగతి తెలియనివాళ్లకు నాలుగు ముక్కలు. ఎక్కడో పరాయి దేశంలో తయారైన ఆట. మొదట్లో నెట్ సెంటర్లలో కంప్యూటర్ల మీద ఆడేవాళ్లం, తర్వాత ఫోన్లోకి వచ్చింది. అందులో ఊళ్లుంటాయి, సంతలుంటాయి, గుర్రాలుంటాయి, జట్టుకొక కోట ఉంటుంది. మన బొమ్మ ఆ వీధిలో నడుస్తుంటే పక్కన నడిచే ప్రతి బొమ్మ వెనకా ఎక్కడో ఒక మనిషి ఉంటాడు. దాని అందం అదే, దాని జబ్బూ అదే. మనుషులు మానేసినా ఊరు అలాగే ఉంటుంది. దీపాలు వెలుగుతుంటాయి, సంతలో సన్నాయిలాంటిదేదో మోగుతుంటుంది, చూద్దామంటే నరమానవుడు ఉండడు.

ప్రతి ఆదివారం సాయంత్రం కోట యుద్ధం. దానికొక నియమం ఉంది. జట్టువాళ్లు పదిమంది ఒకేసారి చెయ్యి వేస్తే తప్ప ద్వారం పైకి లేవదు. ఒక్కరు తగ్గినా, ఉన్నవాళ్లంతా తలుపు బయట నిలబడి ఒకరి మొహం ఒకరు చూసుకోవడమే.

ఆడేటప్పుడు ఒకరి మాటలు ఒకరికి వినిపిస్తాయి. పిన్నిగారి గొంతుకన్నా ముందు ఆవిడ వంటిల్లు వినిపించేది. కుక్కరు కూత, నీళ్ల మోటారు, కింద రోడ్డుమీద సిమెంటు లారీ. ఆ తర్వాత “అందరూ అన్నాలు తిన్నారా నాయనా,” అన్న ప్రశ్న. సాయంత్రం ఆరింటికి అన్నాలేమిటని అడగకూడదు. తిన్నామనాలి. అనకపోతే యుద్ధం మొదలుకాదు.

ఆయుధాల పేర్లకూ మంత్రాల పేర్లకూ ఆవిడ నోరు తిరిగేది కాదు, తిప్పుదామని కూడా అనుకోలేదు. నిప్పులు కురిపించే మంత్రానికి పోపు అని పేరు పెట్టింది. “నూనె కాగింది, పోపెయ్యండి,” అనగానే కోదాడ నుంచి చెవిటికల్లు దాకా ఎక్కడివాళ్లం అక్కడి నుంచి నిప్పులు కురిపించేవాళ్లం. మంచు మంత్రం పేరు మజ్జిగ. ఆ భాష మాకెంత పట్టుకుందంటే, ఒకరోజు మా ఆవిడ పప్పులోకి పోపెయ్యనా అని అడిగితే ఉండు, ఇంకా ద్వారం లేవలేదన్నాను. ఆ ముక్క మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు.

పాలు పొంగుతున్నాయంటే యుద్ధం ఆగాల్సిందే. ఒకసారి అవతలి జట్టును కూడా ఆగమంది, వాళ్లూ ఆగారు. పడిపోయినవాణ్ణి ఇంకో దెబ్బ వెయ్యనిచ్చేది కాదు. “పడ్డాడు కదా, ఇంకేం కొడతారు,” అని మమ్మల్ని పక్కకు నెట్టి, “ఏ ఊరు నాయనా మీది?” అని వాణ్ణి అడిగేది. వాడు ఒంగోలనో ఏలూరనో చెప్పేవాడు. అక్కడ మీకెవరున్నారు, అమ్మ బాగుందా, పెళ్లయిందా. రెండు వారాలు తిరక్కుండా వాడు మా జట్టులో ఉండేవాడు. మా జట్టు పెరిగింది అలాగే. మేము గెలిచి ఎవర్నీ చేర్చుకోలేదు, ఆవిడ పరామర్శించి చేర్చుకుంది.

ఆవిణ్ణి ఎదురుగా మొదటిసారి చూసింది జగ్గయ్యపేటలో పరీక్షల డ్యూటీ పడినప్పుడు. మార్కెట్ యార్డుకు వెళ్లే దారిలో ఇల్లు. మేడమీద ఆవిడ, కింద అద్దెకున్నవాళ్లు. మిరపకాయల రోజులు. మెట్లెక్కుతూ ఒకటే తుమ్ములు. “తుమ్మితే ఆగి రావాలి, అక్కడే కూర్చో కాసేపు,” అంది పైనుంచి. సగం మెట్ల మీద కూర్చుని ఆవిణ్ణి చూశాను. పొట్టిగా, సన్నగా, ముక్కు మీదికి జారుతున్న కళ్లద్దాలకు దారం కట్టుకుని ఉంది. లోపల ఫోను ఇత్తడి సోలకు ఆనించి ఉంది. దాని ముందు పీట, పీట పక్కన చింతపండు, గింజల గిన్నె. మా కోటకు సింహాసనం అదన్నమాట.

భర్తకు ఒంట్లో బాగోలేక విజయవాడ ఆసుపత్రిలో ఉన్నప్పుడు, వరండా బెంచీ మీద పక్కన కూర్చున్నతను ఎవరో పొద్దుపోవడానికని ఆవిడ ఫోన్లో ఆ ఆట వేసిచ్చాడట. ఆయన పోయాడు, ఆట ఉండిపోయింది. పిల్లలు లేరు. ఇంతకుమించి తన గురించి ఆవిడ చెప్పలేదు, నేనడగలేదు.

నేను కాఫీ తాగుతుండగా కింద ఆడవాళ్ల మాటలు వినిపించాయి. ఎవరిదో గృహప్రవేశం, పిలుపులకు వచ్చారు. కుంకుమ భరిణె పట్టుకుని కింది వాటా ఇల్లాలికి బొట్టు పెట్టి, ఫలానా రోజు తప్పకుండా రావాలని చెప్పారు. తలెత్తి చూస్తే పిట్టగోడ దగ్గర పిన్నిగారు నిలబడి ఉంది. “మీరూ రండి పిన్నిగారూ,” అన్నారు కిందినుంచే. “అట్టాగేనమ్మా,” అంది. వాళ్లు మర్యాదగానే అన్నారు, నవ్వుతూనే అన్నారు. మెట్లు మాత్రం ఎక్కలేదు. భర్త పోయిన మనిషికి బొట్టు పెట్టరు, ఆవిడ చేత పెట్టించుకోరు. అది మా వైపు పెద్ద విశేషం కాదు, అందుకే ఎవరూ దాని గురించి మాట్లాడరు.

లోపలికొచ్చి కూర్చుని, “నోటిపిలుపు పిలుపు కాదు నాయనా. రాకపోయినా ఏమనుకోం అని చెప్పటం అది,” అంది. గొంతులో ఉక్రోషం లేదు. కూరలో ఉప్పు తగ్గిందని చెప్పినట్టు చెప్పింది. చెప్పి, ఫోను ముందుకు జరుపుకుని, ఆ పూట ఆటలో కొత్తగా చేరిన ఎవరికో మన కోటకు రావయ్యా అని కబురు పెట్టింది. అప్పుడర్థమైంది నాకు. ఇక్కడ ఆవిణ్ణి ఎవరూ పిలవరు. అక్కడ అందర్నీ పిలిచేది ఆవిడే. ఆ ఊళ్లో ఇంటి పెద్ద ఆవిడ, శుభానికి ముందు నడిచేది ఆవిడ. అది పోతే ఆవిడకు మిగిలేది ఆ పిట్టగోడ.

అది పోవడం ఎప్పుడు మొదలైందో చెప్పడం కష్టం. ఒక ఆదివారం ఒకరు రాలేదు, ఇంకో ఆదివారం ఇంకొకరు. ఎవరూ మానేస్తున్నామని చెప్పి మానెయ్యరు. సంతలో ఎప్పుడూ గుర్రాల దగ్గర నిలబడే బొమ్మ నిలబడదు, అంతే. పిన్నిగారు ఒప్పుకునేది కాదు. ఆవిడ దగ్గర ప్రతి గైర్హాజరుకూ పంచాంగంలోనో పొలంలోనో కారణం ఉండేది. మిరప కోతలు కదా. పెనుగంచిప్రోలు తిరునాళ్ల కదా. పిల్లల పరీక్షలు. పెళ్లిళ్ల సీజను. పెళ్లిళ్లు లేకపోతే మూఢం. “మూఢంలో కొత్త పన్లు పెట్టుకోరు నాయనా, పోగానే వస్తారు,” అంది ఒకసారి. కోట పట్టుకోవడానికి మూఢం అడ్డమేమిటని నాకు నవ్వొచ్చింది. నవ్వలేకపోయాను, ఎందుకంటే ఆవిడ నవ్వుతూ అనలేదు.

కోదాడలో టైర్ల దుకాణం నడిపే అతనొకడు మా జట్టులో ఉండేవాడు. మంచివాడే, నోరు మాత్రం ఊరుకోదు. “గేమ్ ఖతమైంది పిన్నీ. ఎవ్వరు వస్తలేరు. కొత్త గేములొచ్చినయ్, అందరు అటే పోయిన్రు. నువ్వొక్కదానివే నమ్ముతలేవ్,” అనేవాడు.

“నువ్వొచ్చావు కదయ్యా.”

“నేను నీ కోసం వస్తున్న.”

“మరింకేం. వాళ్లూ ఎవరి కోసమో వాళ్ల కోసం వస్తారు,” అనేది ఆవిడ. అతను నిట్టూర్చేవాడు. ఆ నిట్టూర్పు మా అందరికీ వినపడేది.

నిజానికి అతను చెప్పిందే నిజమని నాకు తెలుసు. లెక్కల మేష్టారికి ఆ మాత్రం తెలియదా. పదిమంది కోసం ముందు పావుగంట చూసేవాళ్లం, తర్వాత అరగంట, తర్వాత చీకటి పడేదాకా. ఆ మధ్యలో ఆవిడ మాతో కబుర్లు చెబుతుండేది, మేము లేచిపోకుండా. ఆవకాయలో ఆవపిండి ఎంత వెయ్యాలో మా జట్టులో ప్రతి మగాడికీ తెలుసు. ద్వారం లేవకుండా గడిచిన ఆదివారాలు ఎక్కువైపోయాక, ఆట నడిపేవాళ్ల నుంచి ఒక ప్రకటన వచ్చింది. ఈ నెలాఖరులోగా ఒక్కసారైనా ద్వారం లేవని కోటలను తీసేస్తామని, అక్కడ మిగిలినవాళ్లను ఇంకో పెద్ద ఊళ్లో కలుపుతామని. అక్కడ జనం ఎక్కువ, మీకు బాగుంటుంది అని కూడా రాశారు.

అది పిన్నిగారికి చదివి వినిపించాను. “మా పుట్టిల్లు ఏటికి అవతల. పులిచింతల ప్రాజెక్టు నీళ్లల్లో పోయింది. అప్పుడూ ఇదే మాట చెప్పారు. పెద్ద ఊళ్లో కలుపుతాం, బాగుంటది అని. బాగానే ఉన్నారులే, నీళ్ల పంపులు ఉన్నాయి, రోడ్లున్నాయి. ఒకళ్ల గుమ్మం ఒకళ్లకి ఎదురుగా లేదు, అంతే,” అంది. ఆవిడ పుట్టింటి మాట ఎత్తడం నేను వినడం అదే మొదటిసారి.

ఆ వారం ఫోన్ చేసింది. నాకు కాదు, మా ఆవిడకు. ఆవకాయ పుణ్యమా అని వాళ్లిద్దరికీ అప్పటికే స్నేహం కలిసింది. “అమ్మాయ్, నీతో ఒక పనుంది. నేను చెయ్యగూడని పని,” అందట.

ఆవిడ ఆలోచన ఇదీ. జనం రాకపోవడానికి కారణం వాళ్లను ఎవరూ సరిగ్గా పిలవకపోవడం. ఫోన్లో టింగుమని ఒక మోత, రండి అని ఒక ముక్క. అది నోటిపిలుపు కన్నా హీనం. ఇంటికి వెళ్లి, ఆ ఇంటి ఆడవాళ్లకు బొట్టు పెట్టి పిలిస్తే ఎవరొస్తారో ఎవరు రారో చూద్దాం. బొట్టు పెట్టి పిలిచిన ఇంటికి వెళ్లనివాళ్లను నేనింతవరకూ చూళ్లేదు అంది. తను పెట్టకూడదు కాబట్టి మా ఆవిడ పెట్టాలి.

మా ఆవిడ ఫోను పెట్టేసి నాకేసి చూసి, “మీ ఆటకి పేరంటం ఒక్కటే తక్కువైంది, అదీ వచ్చింది,” అంది. అని, బీరువా తెరిచి పట్టుచీర తీసింది. కుంకుమ భరిణె తోమి పెట్టుకుంది. పిన్నిగారు పొద్దున్నే బస్సులో మా ఇంటికొచ్చింది. నేను కారు నడిపాను.

ముందు నందిగామలో పిలిచాం. తర్వాత వేదాద్రి దారిలో ఒక ఇంట్లో, ఆ తర్వాత కంచికచర్ల మీదుగా చెవిటికల్లు. చెవిటికల్లు అతను ఒకప్పుడు మా జట్టులో మొనగాడు. గుర్రం మీద అతను ముందు వెళ్తే మేము వెనక దుమ్ములో వెళ్లేవాళ్లం. ఇంటి ముందు ట్రాక్టరు, అరుగు మీద ఎండుమిరపకాయల బస్తాలు. మా ఆవిడ గుమ్మంలోకి వెళ్లి అతని భార్యకు బొట్టు పెట్టింది. పిన్నిగారు కారు పక్కనే నిలబడింది, బొట్టు పెట్టడం అయిపోయాక లోపలికొచ్చింది. ఏ ఇంటికెళ్లినా అలాగే చేసింది, ఎవరూ చెప్పకుండానే.

“పెళ్లెవరిదండీ?” అంది ఆ అమ్మాయి.

“పెళ్లి కాదమ్మా,” అంది పిన్నిగారు. “ఆదివారం సాయంత్రం మా కోట ద్వారం ఎత్తుతున్నాం. మీ ఆయన్ని తప్పకుండా పంపించాలి.”

ఆ అమ్మాయికి అర్థం కాలేదు. ఏదో గుడి పని అనుకున్నట్టుంది, చేతులు కళ్లకద్దుకుంది. చెవిటికల్లు అతనికి మాత్రం అర్థమైంది. సిగ్గుతో మొహం ఎర్రబడింది. “నేను ఆడి చాలా రోజులైందండీ పిన్నిగారూ. పొలం నుంచి వచ్చాక కాసేపు రీల్స్ చూసి పడుకుంటున్నా,” అన్నాడు.

“ఒక్కసారి రా నాయనా.”

అతను భార్య నుదుటి మీది బొట్టు చూశాడు. “బొట్టు పెట్టి పిలిచాక రాకుండా ఎట్టా ఉంటానండీ. వస్తా,” అన్నాడు. వాళ్లు మా ఆవిడకు అరటిపళ్లూ జాకెట్టు ముక్కా పెట్టారు. అలా ప్రతి ఇంట్లోనూ వస్తామనే అన్నారు. కాదన్నవాళ్లు ఒక్కరు లేరు.

తిరిగొచ్చేటప్పుడు కారులో పిన్నిగారు కూర్చున్న తీరే మారిపోయింది. ఒళ్లో అరటిపళ్లు పెట్టుకుని, కిటికీలోంచి కనపడిన ప్రతి ఊరి పేరూ చదువుతూ కూర్చుంది. మా ఆవిడ భరిణె మూత పెట్టబోతూ ఏమనుకుందో, “మీకూ పెట్టనా పిన్నిగారూ?” అంది. నేను అద్దంలోంచి చూస్తున్నాను. పిన్నిగారు ఆ చేతిని పట్టుకుని నెమ్మదిగా కిందికి దించి, “పిలిచేవాళ్లకి బొట్టేంటమ్మా. నేను ఇంటిదాన్ని,” అంది.

ఆదివారం వచ్చింది. మా ఆవిడ కూడా నా పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది. తను బొట్టు పెట్టి పిలిచిన చుట్టాలు కదా, వచ్చారో లేదో చూసుకోవాలి.

వచ్చారు. అక్కడే దెబ్బతిన్నాం.

నందిగామతను నాలుగున్నరకే వచ్చాడు. సాయంత్రం ఇంకో ఫంక్షన్ ఉందని, ముందే మొహం చూపించి వెళ్దామని వచ్చానన్నాడు. ఆటలో ఒకరికొకరు బంగారు నాణేలు కానుకగా ఇచ్చుకోవచ్చు. ఒక మూట పిన్నిగారి బొమ్మ కాళ్ల దగ్గర పెట్టి, నమస్కారం పెట్టి వెళ్లిపోయాడు. వేదాద్రి దారిలోవాళ్లు ఇంటికొకరు చొప్పున అన్నట్టు బావమరిదిని పంపించారు. అతనికి ఆట రాదు, ద్వారం ఎటుందో తెలియదు, చెరువులో పడ్డాడు. చెవిటికల్లు అతను ఆరు దాటాక తన పాత గుర్రమెక్కి వచ్చాడు. మాకందరికీ ఒళ్లు పులకరించింది. “పిన్నిగారూ, వచ్చానండీ,” అన్నాడు. తనూ ఒక మూట పెట్టాడు. అటూ ఇటూ చూసి, పాతవాళ్లను పేరుపేరునా పలకరించి, కాసేపు ద్వారం మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. అప్పటికి ముందొచ్చినవాళ్లు వెళ్లిపోయారు, వెనకొచ్చేవాళ్లు ఇంకా రాలేదు.

“ఉండు నాయనా, ఇంకో ముగ్గురొస్తే చాలు,” అంది పిన్నిగారు.

“గేదెల దగ్గరికెళ్లాలండీ. వచ్చాను కదండీ మరి,” అన్నాడు. వెళ్లిపోయాడు.

పెళ్లికి ఎలా వస్తారో అలా వచ్చారు. మనిషి కనపడాలి, చదివింపులు చదివించాలి, పెద్దావిడకు నమస్కారం పెట్టాలి, వెళ్లాలి. తాళి కట్టేదాకా ఎవరుంటున్నారు ఈ రోజుల్లో. ద్వారం మీద చేతులు ఎప్పుడు చూసినా ఏడు దాటలేదు. కోదాడతను మొదటినుంచీ చివరిదాకా చెయ్యి తియ్యకుండా నిలబడ్డాడు, ఒక్క మాట మాట్లాడలేదు. ద్వారం ముందు బంగారం మూటలు కుప్పగా పడ్డాయి. అన్నేళ్లలో మా కోటకు అంత బంగారం ఎన్నడూ రాలేదు.

చీకటి పడ్డాక పిన్నిగారు అంది: “అందరూ వచ్చారు. ఒక్కరూ తప్పలేదు, చూశావా.”

“చూశానండి.”

“ఒకేసారి లేరంతే.” తన బొమ్మను మూటల వైపు తిప్పి, “ఈ బంగారం ఏం చేసుకోను నాయనా,” అంది. ఆ తర్వాత ఆవిడ వైపు నుంచి కుక్కరు కూత కూడా వినపడలేదు. మా ఆవిడ లేచి లోపలికెళ్లింది. వెళ్లి చూస్తే ఏడుస్తోంది. నాకూ ఏడుపొచ్చింది, దాచుకోవడానికేముంది.

నెలాఖరుకు కోట తీసేశారు. మమ్మల్ని పెద్ద ఊళ్లో కలిపారు. నాకు ఆ ఊరు నచ్చలేదు, వెళ్లడం మానేశాను. కోదాడతను దుకాణం ఎత్తేసి పని కోసం బొంబాయి దగ్గర భీవండి వెళ్లిపోయాడు. వేసవి సెలవుల్లో ఒకసారి జగ్గయ్యపేట వెళితే పిన్నిగారు పీట మీద కూర్చుని ఉంది. సోలలో బియ్యం ఉన్నాయి, ఫోను ఎక్కడో లోపల ఉంది.

“నేనొక పొరపాటు చేశా నాయనా,” అంది. “పెళ్లికి పిలిచినట్టు పిలిచా, పెళ్లికొచ్చినట్టు వచ్చారు. మిరప కోతకి పిలిచినట్టు పిలవాల్సింది. పనికి పిలిస్తే పొద్దుగూకేదాకా ఉండేవాళ్లు.”

నేను ఏదో ఓదార్పు చెప్పబోయాను. మళ్లీ వస్తారనో, ఇంకో ఆట చూద్దామనో. చేత్తో వద్దన్నట్టు ఊపింది. “నాకు మాత్రం తెలీదనుకున్నావా జనం తగ్గారని. కోదాడబ్బాయి చెప్పినప్పుడే తెలుసు. మన నోటితో మనం అనటం ఎందుకని అన్లేదు. ఊరు ఖాళీ అవుతుందని ముందు ఎవరంటే వాళ్ల వల్లే ఖాళీ అయినట్టుంటది,” అంది. అన్నేళ్లూ ఆ మూఢాలూ తిరునాళ్లూ పరీక్షలూ ఎందుకు చెప్పిందో అప్పటికి గానీ నా బుర్రకెక్కలేదు. అంతకంటే నిరాశగా మాట్లాడిన మనిషిని నేను చూడలేదు, అంత మామూలుగా మాట్లాడిన మనిషినీ చూడలేదు. అదే చివరిసారి చూడటం.

ఈ యేడు మిరప కోతల రోజుల్లో పోయింది. గుండె అన్నారు. ఆవిడ ఫోన్లో చివరగా మాట్లాడిన నంబరు మా ఆవిడదట. ఆ నంబరుకు మరిదిగారి కోడలు ఫోన్ చేసి చెప్పింది. నేను పాతవాళ్లందరికీ కబురు పెట్టాను. చాలామంది చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. కోదాడతను భీవండి నుంచి ఫోన్ చేసి ఏడ్చాడు, సెలవు దొరకదన్నాడు. చెవిటికల్లు అతను అయ్యో అన్నాడు, కోతలు జరుగుతున్నాయన్నాడు. చావుకు బొట్టు పెట్టి పిలవరు కదా.

నేనూ మా ఆవిడా వెళ్లాం. మరిదిగారి కోడలు హైదరాబాదు నుంచి వచ్చి ఆ ఇంటి పనంతా తనే చూసుకుంటోంది. మంచి పిల్ల. మమ్మల్ని కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చింది. తర్వాత పిన్నిగారి ఫోను తెచ్చి నా చేతిలో పెట్టింది.

“దీంట్లో రోజూ సాయంత్రం మోగుతోందండీ. మీ స్నేహితులు మీకోసం ఎదురుచూస్తున్నారు అని వస్తోంది. అత్తయ్యకి ఇంతమంది ఉన్నారని మాకు తెలీనే తెలీదు. పాపం వాళ్లకి కబురు అందలేదేమో. వాళ్లు మీకు తెలుసా అండీ?”

“తెలుసండి,” అన్నాను.

“అయితే మీరే చెప్పండి. పెద్దకర్మకి రమ్మనండి.”

ఆట తెరిచాను. ఆ పెద్ద ఊరు వచ్చింది. వీధి ఈ చివర్నుంచి ఆ చివరిదాకా దీపాలు వెలుగుతున్నాయి, సంతలో వాయిద్యం మోగుతోంది. పిన్నిగారి బొమ్మ ఎవరిదో తెలియని గుమ్మం ముందు ఒక్కతీ నిలబడి ఉంది. నేను మానేశాక కూడా ఆవిడ వచ్చి పోతూనే ఉందన్నమాట. నేను ఆ బొమ్మను వీధంతా తిప్పాను. సంతలోకి వెళ్లాను, గుర్రాల దగ్గరికి వెళ్లాను. మా ఆవిడ నా భుజం మీంచి చూస్తూ ఉంది. ఎవరూ కనపడలేదు. రోజూ మోగేది ఆట తనంతట తను పంపే కబురన్నమాట. ఫోను ఆపేశాను.

“చెప్పారా అండీ?” అంది ఆ అమ్మాయి. “ఎంతమందొస్తారో తెలిస్తే వంటాయనకి చెబుతాను.”

మా ఆవిడ నాకేసి చూసింది.

“ఇద్దరమండి,” అన్నాను.

“ఇద్దరేనా?”

“ఇద్దరేనండి.”